బగ్ నిజమే, కానీ పాస్‌వర్డ్ మొత్తం ఇచ్చేయాలా? పాపులిజం అంటే ఏంటో హంగేరీ కథలో చూద్దాం

 

ఈరోజు టాపిక్ పాపులిజం. పేరు వినగానే స్కిప్ కొట్టకండి. ముందు నా ఆఫీసు కథ ఒకటి చెప్తా.

వీడియోలు మొదలుపెట్టక ముందు నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అప్పట్లో మా ప్రాజెక్ట్ సైట్ వారానికి రెండుసార్లు డౌన్ అయ్యేది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగేది, నిద్రకళ్లతో లాప్‌టాప్ తెరిచేవాళ్లం. పైవాళ్లకి చెప్తే మీటింగ్ పెట్టేవాళ్లు. ఆ మీటింగ్ అయ్యాక ఇంకో మీటింగ్. అలాంటి టైంలో టీంలోకి ఒక సీనియర్ వచ్చాడు. మొదటిరోజే మా అందరి మనసులో మాట పైకి అనేశాడు. "తప్పు మీది కాదు, ఈ సిస్టంది. ఈ రివ్యూలు, అప్రూవల్స్ అన్నీ టైం వేస్ట్. యాక్సెస్ మొత్తం నాకు ఇవ్వండి, నెలలో సెట్ చేస్తా" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

నిజం చెప్పాలంటే సైట్ డౌన్ అవడం తగ్గింది కూడా. కానీ ఆరు నెలల తర్వాత ఒక పెద్ద తప్పు బయటపడింది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చూద్దామంటే లాగ్స్ లేవు, ఆయనే ఆపేశాడు. పాత కోడ్‌కి వెనక్కి వెళ్దామంటే మాకెవరికీ యాక్సెస్ లేదు. అది ఎవరూ మా దగ్గర లాక్కోలేదు. మేమే ఇచ్చేశాం.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

సో, పాపులిజం అంటే ఏంటి? మన దగ్గర ఈ మాట వింటే ముందు గుర్తొచ్చేది పథకాలు. కిలో రెండు రూపాయల బియ్యం నుంచి ఉచిత బస్సు దాకా పేపర్లలో "జనాకర్షక పథకం" అని రాస్తారు. ఆ పథకం మంచిదా, ఖజానా తట్టుకుంటుందా అనేది వేరే చర్చ. ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడేది దాని గురించి కాదు. జనానికి నచ్చే పని చేయడం ప్రజాస్వామ్యంలో నేరం కాదు కదా!

యాన్-వెర్నర్ ముల్లర్ అనే జర్మన్ ప్రొఫెసర్ 2016లో దీని మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన వాదన సింపుల్‌గా చెప్తా. "పైనున్న పెద్దలు మనల్ని మోసం చేస్తున్నారు" అన్నంత మాత్రాన ఎవరూ పాపులిస్ట్ అయిపోరు. ప్రతిపక్షంలో ఉన్న ప్రతివాళ్లూ ఆ మాట అంటారు. అసలు గుర్తు ఇంకొకటి ఉంది. "అసలైన ప్రజలకి ప్రతినిధిని నేను ఒక్కడినే" అనడం. ఒక్కసారి ఆలోచించండి. నేనే ప్రజలు అయితే, నాకు ఓటు వేయనివాళ్లు ఎవరు? వాళ్లు ప్రజలు కాదన్నమాట. అమ్ముడుపోయినవాళ్లు, ద్రోహులు, బయటివాళ్లు. ప్రమాదం మొదలయ్యేది అక్కడ.

ఇది లెఫ్ట్‌లోనూ ఉంటుంది, రైట్‌లోనూ ఉంటుంది. ఈరోజు ఒక్క దేశాన్ని తీసుకుని మొదటి నుంచి చూద్దాం. హంగేరీ. యూరప్ మధ్యలో, సుమారు కోటి జనాభా ఉన్న దేశం.

1989, జూన్ 16. రాజధాని బుడాపెస్ట్‌లో హీరోస్ స్క్వేర్ జనంతో నిండిపోయింది. కమ్యూనిస్ట్ ప్రభుత్వం ఉరి తీసిన మాజీ ప్రధాని ఇమ్రే నాజ్‌కి మూడు దశాబ్దాల తర్వాత గౌరవంగా మళ్లీ అంత్యక్రియలు చేస్తున్నారు. అప్పుడు 26 ఏళ్ల కుర్రాడు ఒకడు మైక్ ముందుకొచ్చాడు. సోవియట్ సైన్యం వెళ్లిపోవాలి, స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలి అని అందరి ముందూ అడిగాడు. దేశమంతా అతని పేరు తెలిసిపోయింది. విక్టర్ ఓర్బాన్. మన వయసువాడే అనుకోండి ఇంచుమించు.

అంటే కథ మొదట్లో ఆయన విలన్ కాదు, హీరో. ఈ విషయం కూడా గుర్తుపెట్టుకోండి.

1998లో 35 ఏళ్లకే ప్రధాని అయ్యాడు. 2002లో ఓడిపోయాడు. ఎన్నికలన్నాక ఓటమి మామూలే. కానీ ఓడిపోయాక ఆయన ఒక సభలో, మాతృభూమి ప్రతిపక్షంలో ఉండడం కుదరదు అనే అర్థం వచ్చే మాట అన్నాడు. విన్నారా? "నా పార్టీ ఓడింది" అనలేదు. ఓడింది పార్టీ, ఆయన మాట్లాడింది దేశం పేరు మీద. ఇందాక చెప్పుకున్న గుర్తు ఇదే.

సరే, అయినా జనం ఆయన్ని 2010లో ఎందుకు మళ్లీ తెచ్చారు? పిచ్చివాళ్లా? చదువుకోనివాళ్లా? కాదు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఓటర్లని తిట్టి వదిలేస్తారు. వాళ్ల కోపానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది, అబద్ధం. 2006లో సోషలిస్ట్ ప్రధాని ఫెరెంత్స్ జుర్చాన్ ఎన్నికలు గెలిచాడు. తర్వాత సొంత పార్టీ వాళ్ల రహస్య సమావేశంలో, దేశ ఆర్థిక పరిస్థితి గురించి పొద్దున, రాత్రి తేడా లేకుండా అబద్ధాలు చెప్పాం అని ఒప్పుకున్నాడు. ఆ ఆడియో సెప్టెంబర్‌లో లీకైంది. జనం రోడ్ల మీదకొచ్చారు. ఆయన మాత్రం రాజీనామా చేయకుండా 2009 దాకా కుర్చీలోనే ఉన్నాడు.

రెండోది, ఈఎంఐ. ఇది మనకి బాగా అర్థమవుతుంది. హంగేరీలో సొంత కరెన్సీ ఫోరింట్. దాంట్లో లోన్ తీసుకుంటే వడ్డీ ఎక్కువ, స్విస్ ఫ్రాంక్‌లలో తీసుకుంటే తక్కువ. బ్యాంకులు అమ్మాయి, జనం తీసుకున్నారు. మీ ఇంటి లోన్ డాలర్లలో ఉందనుకోండి, జీతం మాత్రం రూపాయల్లో వస్తుంది. రూపాయి పడిపోతే? జీతం అదే, ఈఎంఐ మాత్రం పెరిగిపోతుంది. 2008 ప్రపంచ సంక్షోభంలో అదే జరిగింది. ఫోరింట్ పడింది, లక్షల కుటుంబాల వాయిదాలు పెరిగాయి. ప్రభుత్వం ఐఎంఎఫ్, యూరోపియన్ యూనియన్, ప్రపంచ బ్యాంకుల దగ్గర సుమారు 2,000 కోట్ల యూరోల సాయానికి చెయ్యి చాచింది. దాంతోపాటు పొదుపు షరతులు వచ్చాయి. జీతాలకి, పెన్షన్లకి కోత పడింది.

మూడోది, వినేవాడు లేకపోవడం. పేదల పార్టీ అని చెప్పుకున్న సోషలిస్టులే ఆ కోతలు అమలు చేశారు. ఇక సామాన్యుడు తన బాధ ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు మా ఆఫీసు గుర్తు తెచ్చుకోండి. సైట్ నిజంగానే డౌన్ అవుతోంది. పైవాళ్లు నిజంగానే పట్టించుకోవట్లేదు. అప్పుడు ఒకడొచ్చి "తప్పు మీది కాదు" అన్నాడు. ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకో మాట. పాపులిజం అంతా వాట్సాప్ వల్ల, అల్గారిథమ్ వల్ల అని మనం ఈజీగా అనేస్తాం. 2010లో హంగేరీలో అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. ఇంకా వెనక్కి వెళ్తే, పాపులిస్ట్ అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది 1890లలో, అమెరికా రైతులు పెట్టుకున్న పీపుల్స్ పార్టీతో. రైల్వే కంపెనీలు, బ్యాంకులు తమని పిండేస్తున్నాయని వాళ్ల కోపం. ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లు పన్ను ఎక్కువ కట్టాలి, సెనేటర్లని జనమే నేరుగా ఎన్నుకోవాలి అని 1892లో డిమాండ్ చేశారు. ఆ పార్టీ నిలబడలేదు. కానీ 1913లో ఆదాయపు పన్ను, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నిక రెండూ రాజ్యాంగ సవరణలుగా వచ్చాయి. అంటే కోపం తప్పు కాదు. కోపం నుంచి మంచి చట్టాలు కూడా పుడతాయి. ఆ కోపాన్ని ఎవరి చేతిలో, ఏ కండిషన్ మీద పెడుతున్నాం అన్నదే ప్రశ్న.

హంగేరీకి తిరిగొద్దాం. 2010లో ఓర్బాన్ పార్టీ ఫిడెస్‌కి దాదాపు 53 శాతం ఓట్లు, 386లో 263 సీట్లు వచ్చాయి. మూడింట రెండొంతులు దాటింది. అక్కడ పార్లమెంటుకి ఒకటే సభ. మనకున్నట్టు రాజ్యసభ లేదు, రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదు. రెండొంతులు ఉంటే రాజ్యాంగమే మార్చేయొచ్చు. మార్చేశారు. 2011 ఏప్రిల్‌లో కొత్త రాజ్యాంగం పాసైంది, 2012 జనవరి 1 నుంచి అమలు. తాను దాన్ని ఐప్యాడ్‌లో రాశానని ఆ పార్టీ నాయకుడొకరు గొప్పగా చెప్పుకున్నారు కూడా.

తర్వాత ఏం జరిగిందో వరసగా చూడండి. ట్యాంకులు లేవు, ఎమర్జెన్సీ లేదు. అన్నీ చట్టప్రకారమే.

జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కి తగ్గించారు. ఒక్క దెబ్బకి వందలమంది సీనియర్ జడ్జీలకి ఇంటిదారి. యూరప్ కోర్టు 2012లో ఇది తప్పని తీర్పిచ్చింది. కానీ అప్పటికే చాలా కుర్చీలు నిండిపోయాయి.

పార్లమెంటు సీట్లు 386 నుంచి 199కి తగ్గించి నియోజకవర్గాల గీతలు మళ్లీ గీశారు. 2014లో ఫిడెస్‌కి 45 శాతం ఓట్లొచ్చాయి, 133 సీట్లొచ్చాయి. మళ్లీ మూడింట రెండొంతులు. ఓట్ల కంటే సీట్లు ఎక్కువ రావడం మన దగ్గరా జరుగుతుంది, అదొక్కటే నేరం కాదు. తేడా ఏంటంటే, అక్కడ రూల్స్ రాసిందీ, ఆట ఆడిందీ ఒకళ్లే.

మీడియా? పేపర్లు, చానళ్లు ఒక్కొక్కటిగా ప్రభుత్వానికి దగ్గరివాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. 2018 నవంబర్‌లో ఆ ఓనర్లు 400కు పైగా మీడియా సంస్థల్ని ఒకే ఫౌండేషన్‌కి రాసిచ్చేశారు.

కోర్టు, ఎన్నికల రూల్స్, మీడియా. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే రివ్యూ, యాక్సెస్, లాగ్స్. మూడూ పోయాయి.

మరి జనానికి ఏమీ చేయలేదా అంటే, చేశాడు. ఆ ఫ్రాంక్ లోన్ల మీద 2011లో ఒక స్కీం పెట్టాడు, మార్కెట్ కంటే తక్కువ రేటుకి లోన్ మొత్తం ఒకేసారి కట్టేయొచ్చు. నష్టం బ్యాంకులు భరించాలి. కానీ ఒకేసారి కట్టగలిగేది ఎవరు? చేతిలో డబ్బున్నవాళ్లే. మిగతావాళ్ల లోన్లు 2014లో చట్టం తెచ్చాకే ఫోరింట్‌లలోకి మారాయి. కరెంటు, గ్యాస్ బిల్లులు తగ్గించాడు. అందుకే ఆయన మీద జనానికి ఉన్న అభిమానాన్ని ఉత్త భ్రమ అని కొట్టేయలేం.

కానీ ఒక ఇబ్బంది ఉంది. అధికారంలో ఏళ్లు గడిచాక "పైవాళ్లు మోసం చేస్తున్నారు" అనడం కష్టం. పైవాడు తానే కదా! అందుకని శత్రువు మారుతూ ఉండాలి. మొదట బ్యాంకులు, ఐఎంఎఫ్. 2015లో శరణార్థులు. 2017లో దేశమంతా జార్జ్ సోరోస్ బొమ్మతో హోర్డింగులు. తమాషా ఏంటంటే, 1989లో కుర్ర ఓర్బాన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి స్కాలర్‌షిప్ ఇచ్చింది ఆ సోరోస్ ఫౌండేషనే. 2010, 2014, 2018, 2022. వరసగా నాలుగు ఎన్నికలు గెలిచాడు. స్వేచ్ఛగా ఎన్నికలు కావాలని అడిగిన ఆ కుర్రాడే.

ఇప్పుడు నా సంగతి చెప్తా. నేను కూడా ఈ ఆటలో ఉన్నా. ఒకసారి ఒకే వీడియోకి రెండు థంబ్‌నెయిల్స్ చేశాను. ఒకదాని మీద మామూలు ప్రశ్న. రెండోదాని మీద ఎర్ర బాణం, "మిమ్మల్ని ఎలా మోసం చేస్తున్నారో చూడండి!" అని. ఏది బాగా ఆడిందో నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి వ్యూస్ పెరుగుతుంటే భలే సంతోషం వేసింది. పొద్దున్నే కామెంట్స్ చదివాను. వీడియోలో నేను అననివాళ్లని కూడా జనం తిడుతున్నారు. ఆ కోపాన్ని ఫోన్ సృష్టించలేదు, ఉన్నదాన్ని ఊదింది. ఊదింది నేనే. అందుకే ఈ ఎపిసోడ్‌కి ఎర్ర బాణం పెట్టలేదు. వ్యూస్ తగ్గితే తగ్గనీ.

చివరగా, మీ ఫోన్‌లో ఏ నాయకుడి స్పీచ్ వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, తనకి ఓటు వేయనివాళ్లని కూడా ఈయన ఈ దేశ ప్రజలుగానే చూస్తున్నాడా? రెండు, తనని ప్రశ్నించే కోర్టు, పేపర్, ఆడిటర్ ఉండాలని ఒప్పుకుంటున్నాడా, లేక అవన్నీ అడ్డే అంటున్నాడా? మూడు, ఈయన తప్పు చేస్తే రేపు దింపే దారి మన చేతిలో మిగులుతుందా?

మీకు నచ్చని నాయకుడి మీద ఈ టెస్ట్ అందరూ వేస్తారు, అది ఈజీ. మీరు ప్రాణం పెట్టే నాయకుడి మీద వేయండి. నాకైతే కొంచెం కష్టంగానే అనిపించింది.

మా ఆ సీనియర్ చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. సైట్ నిజంగానే డౌన్ అవుతుండేది, ఆయన నిజంగానే రాత్రుళ్లు కూర్చుని పనిచేశాడు. మేం చేసిన తప్పు ఆయన్ని నమ్మడం కాదు. ఆయన తప్పు చేస్తే పట్టుకునే దారిని కూడా ఆయన చేతిలోనే పెట్టడం.

మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్ గ్రూపులో దీని మీద గొడవ పడండి, పర్లేదు. ఏం మాట్లాడుకున్నారో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.