కందిగింజ చెప్పు చరిత్ర

(దేవరయాంజాల్‌లో చేసిన ఉపన్యాసము)



శామీర్‌పేట దారిని వచ్చిపోవువారికి జీనోమ్ అను మాట క్రొత్తది కాదు. తుర్కపల్లి ప్రాంతమున వెలసిన పరిశ్రమల సముదాయమునకు జీనోమ్ వ్యాలీ అని పేరు పెట్టి పాతికేండ్లు దాటినవి. అక్కడ టీకాలును మందులును తయారగుచున్నవి. ఆ మాటకు అర్థమేమని అడిగినచో మనలో పలువురు టీకామందు అనియే చెప్పుదురు. పేరు మన గుమ్మము ముందట నిలిచియుండగా అర్థము ఊరిబయటనే ఉండిపోవుట మనకు అలవాటైనదే గాని, ఈ విషయమున మాత్రము ఊరకుండరాదని మా అభిప్రాయము. ఏలయన ఆ మాట మన చేనిలోని కందికిని మన కొట్టములోని ఎద్దునకును సంబంధించినది. నేడు మేము చెప్పదలచినది ఆ రెంటిని గుఱించియే.

జీవి శరీరమునందలి దాదాపు ప్రతి కణములోను డి.ఎన్.ఎ. అను సన్నని పొడవైన దారము కలదు. ఆ దారముపై నాలుగు రసాయనములు వరుసగా కూర్చబడియున్నవి. వానిని నాలుగు అక్షరములనుకొనుడు. మనకు ఏబదియాఱు అక్షరములు చాలక గుణింతములును ఒత్తులును కావలసివచ్చినవి. ప్రకృతికి నాలుగే చాలినవి. ఆ అక్షరముల మొత్తము కూర్పునకే జీనోము అని పేరు. గింజనుండి మొక్కకు, తల్లిదండ్రులనుండి బిడ్డకు ఈ గ్రంథము ప్రతి యెత్తబడుచు వచ్చును. ఎత్తునప్పుడు అక్కడక్కడ ఒక్కొక్క అక్షరము మాఱును.

మన పండితులకు ఇట్టి పని చిరపరిచితము. బ్రౌన్ దొర వేమన పద్యముల వ్రాతప్రతులను ఊరూర సేకరింపించి, పోల్చి చూచి, 1829లో అచ్చువేయించెను. ఒక కావ్యమునకు ఇరువది ప్రతులు దొరికినప్పుడు పరిష్కర్త ఏ ప్రతిలో ఏ తప్పున్నదో చూచును. ఒకే తప్పు అయిదు ప్రతులలో ఒకే చోట కనబడెనేని ఆ అయిదింటికిని మాతృక ఒక్కటియే అని నిశ్చయించును. జీవుల విషయమున శాస్త్రజ్ఞులు చేయుచున్నదియు ఇదియే. పాఠభేదములు తక్కువైనవి దగ్గఱి చుట్టములు. ఎక్కువైనవి ఎన్నడో వేఱుపడిన దాయాదులు. వరికిని వెదురునకును గల చుట్టఱికమును, పులికిని పిల్లికిని గల చుట్టఱికమును అక్షరముల సాక్ష్యముచేత స్థిరపడినవి. పూర్వము ఆకును పువ్వును కొమ్మును గోరును చూచి ఊహించినదానికి ఇప్పుడు లిఖిత సాక్ష్యము దొరికినది.

చదువు విధానమును ఒక్క మాటలో చెప్పెదము. యంత్రము గ్రంథమును మొదటినుండి తుదివఱకు ఏకధాటిగా చదువలేదు. ఒకే పుస్తకపు ప్రతులు ఏబదింటిని చించి ముక్కలు చేసి, ఒక ముక్క చివర రెండవదాని మొదటితో సరిపోవుటను బట్టి అతికినట్లుగా చదువును. చిక్కెక్కడ ననగా, భజనకీర్తనలో పల్లవి మాటిమాటికి వచ్చినట్లు జీనోములో అవే వరుసలు మఱల మఱల వచ్చుచుండును. పల్లవి ముక్క చేతికి దొరికినచో అది ఏ చరణము తరువాతిదో ఎట్లు చెప్పుట? కంది గ్రంథములో సగమునకు పైగా ఇట్టి పల్లవులే.

మన పొరుగుననే పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ, మనము ఇక్రిశాట్ అని పిలుచునది, అన్యదేశ సంస్థలతో కలిసి కంది జీనోమును చదివి 2011లో ప్రకటించెను. గ్రంథము మొత్తము సుమారు 83 కోట్ల అక్షరములుండునని లెక్క; అందులో నూటికి 72 వంతులకు పైగా అతికిరి; 48,680 జన్యువులుండునని అంచనా వేసిరి. ఆ సంవత్సరమే ఢిల్లీలోని మన ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనాకేంద్రమున నాగేంద్రకుమార్ సింగ్ మొదలగు శాస్త్రజ్ఞులు వేఱుగా ఒక పఠనమును ప్రకటించిరి. వారి లెక్కకు జన్యువులు 47 వేలు. రెండు కూటములును చదివినది ఒక్క రకమునే. దాని పేరు ఆశ. ఎండుతెగులునకును గొడ్డుమోతు తెగులునకును తట్టుకొనునని రైతులు మెచ్చిన రకమది. స్వదేశీయులు ఒక గ్రంథమును తమ చేతులతోనే చదువుట వ్యర్థప్రయాస యని నవ్వినవారును లేకపోలేదు. ఒక కావ్యమునకు రెండు పరిష్కరణములుండుట పాఠకునకు నష్టమా? ఒకరి పొరపాటును ఒకరు దిద్దుదురు. అంతకంటె ముఖ్యముగా, చదువు నేర్చిన చేతులు ఇంట మిగులును.

ఒక్క ప్రతిని చదివిన చరిత్ర తెలియదు. పలు ప్రతులను పోల్చవలెను. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల నాయకత్వమున 292 కంది నమూనాలను, నాటురకములను, క్రొత్తరకములను, అడవిజాతులను చేర్చి, చదివి 2017లో ఫలితములను వెల్లడించిరి. కంది ఆఫ్రికానుండి మనకు వచ్చినదని వాదించిన వృక్షశాస్త్రజ్ఞులు పూర్వము కొందఱుండిరి. ఈ పఠనమునుబట్టి దాని పుట్టినిల్లు భారతదేశమే. నేటి మధ్యప్రదేశ ప్రాంతమున సాగు మొదలై, ఇక్కడినుండి ఆఫ్రికాకును, అటుపై అమెరికా ఖండమునకును పోయియుండునని వారు ఊహించిరి. కందికి మిక్కిలి దగ్గఱి చుట్టమైన అడవికంది మన తూర్పుకనుమలలో నేటికిని మొలచుచున్నది.

ఆ అడవికందికిని మన చేనికందికిని భేదమేమి? అడవిమొక్క కాయ పండగనే పగిలి గింజలను చిమ్మును. అది దాని బ్రతుకుతెఱువు. మనకు కావలసినది పండినను పగులక కోతవఱకు ఆగు కాయ. కాయ పగులుటకును, పూత వచ్చు కాలమునకును, గింజ పెరుగుదలకును సంబంధించిన జన్యువులు ఏవియై యుండునో ఈ పోలికలచేత గుర్తింపగలిగిరి. మనుష్యుడు ఏఱినచోట్ల జీనోములో వైవిధ్యము తగ్గిపోవును. ఆ జాడలు నేటికిని అక్షరములలో చదువవచ్చును. ఏఱినవారెవరు? వేల ఏండ్ల క్రిందట ఒక ఇల్లాలు పగులని కాయను చూచి దానిగింజను వేఱుగా మూటగట్టెను. ఆమె పేరు ఏ శాసనమునను లేదు. ఆమె చేసిన పని మాత్రము కంది యున్నంతకాలము చెఱగదు.

అయితే ఏఱుట హెచ్చినకొలది పంట నెత్తురు పలచబడును. విద్వాంసులు మెచ్చిన నాలుగు ప్రతులనే మాటిమాటికి అచ్చువేసి, తక్కిన తాళపత్రములను చెదలకు విడిచినచో ఏమగునో మీరెఱుగుదురు. ఒక క్రొత్త తెగులు వచ్చినప్పుడు ఆ నాలుగింటిలో మందు లేకున్న ఎక్కడ వెదకుదుము? అడవికందినే చూడుడు. కూరకును పప్పునకును పనికిరాని మొక్క. దానిని చేనికందితో కలిపి, పుప్పొడి పనిచేయని మొక్కలను సాధించి, వానివలన పప్పుజాతులలో ప్రపంచమునకే మొదటివైన వాణిజ్య సంకరరకములను ఇక్రిశాట్ వారు పుట్టించిరి. 2010లో మధ్యప్రదేశమున విడుదలయైన పుష్కల్ అట్టిది. తెలంగాణమున వచ్చిన మన్నెంకొండ కందియు అట్టిదే. తూర్పుకనుమల అడవి కాలిపోయి యుండినచో ఏ యంత్రమును ఈ మేలు చేయజాలక పోయెడిది.

పటాన్‌చెరు విత్తననిధిలో వివిధ పంటల నమూనాలు 1,28,000కు మించి శీతలగదులలో భద్రపరుపబడినవి. అది గొప్ప సంపద. కాని శీతలగదిలోని గింజ నిద్రించుచుండును. చేనిలోని గింజ ఏటేట ఎండతో వానతో పురుగుతో పోరాడి మాఱుచుండును. మొదటిది పాతప్రతి, రెండవది నేటికిని వ్రాయబడుచున్న గ్రంథము. రెండును కావలయును.

కంది మన ఇంటనే చదువబడినది. ఎద్దు సంగతి వేఱు.

మూపురముగల మన పశుజాతి సింధునదీ ప్రాంతమున మచ్చికయైనది; మూపురములేని ఐరోపా పశువుల పూర్వులనుండి దీని పూర్వులు లక్ష ఏండ్లకు పూర్వమే విడిపోయిరి. ఈ జాతిలో మన ఒంగోలు గిత్త పేరు వినని తెలుగువాడుండడు. 1868లో ఒక జత బ్రెజిలు దేశమున బహియా రేవున దిగెనని అచ్చటి పశుచరిత్రకారులు వ్రాయుదురు. ఒంగోలు తాలూకా అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది కావున వారు దానికి నెలోరి యని పేరిడిరి. 1960 తరువాతి రెండు మూడేండ్లలో తుదిసారి పెద్దయెత్తున మేలైన ఆబోతులను కొనిపోయిరి. ఒంగోలు సమీపపు కరవది గ్రామము పేరు పెట్టుకొన్న ఆబోతు ఆ దేశమున ఎంతటి ప్రసిద్ధి గాంచెనో కరవదిలో తెలిసినవారు కొందఱే యుందురు. నేడు బ్రెజిలు మాంసపు మందలలో అత్యధికభాగము ఈ రక్తము గలవే.

మూపురపు పశుజాతి జీనోమును ప్రప్రథమమున చదివి 2012లో ప్రకటించినది ఒక నెలోరి ఆబోతునుండి. బ్రెజిలు శాస్త్రజ్ఞులు ఆ పనికి పూనుకొనిరి. మన ఎద్దు గ్రంథమును సముద్రమునకు ఆవల మొదట విప్పిరి! ఇందులో వారి దోషమేమియు లేదు. కొనిపోయినదానిని వారు పెంచిరి, ప్రేమించిరి, చదివిరి. మన కొట్టములోని దానిని మనము ట్రాక్టరు వచ్చిన నాటినుండి కబేళాకు తోలితిమి. గుంటూరు చెంత లాం ఫారమున ప్రభుత్వము ఒంగోలు మందను కాపాడుచున్నది; రైతుల ఇండ్లలోనో, పందెములకు పెంచు గిత్తలను తీసివేసిన పిదప మిగులునవి ఎన్ని?

ఇక్కడ ఒక విచిత్రము చెప్పవలసియున్నది. కణములో ప్రధాన గ్రంథముగాక తల్లినుండి మాత్రమే బిడ్డకు వచ్చు ఒక చిన్న పొత్తము కలదు. పశువులలో అది సుమారు 16 వేల అక్షరములది. బ్రెజిలు నెలోరి పశువులలో ఈ పొత్తమును పరిశీలించి 1999లో ప్రకటించిన శాస్త్రజ్ఞులకు ఎక్కువ పశువులలో ఐరోపా ఆవుల పాఠము కనబడినది. అనగా మననుండి పోయినవి ముఖ్యముగా ఆబోతులు. అవి అచ్చటి ఆవులతో కూడినవి. తరతరములుగా తండ్రి పోలికయే హెచ్చి చూపునకు ఒంగోలు మూపురము నిలిచినను, తల్లివంశపు సాక్ష్యము మాత్రము దాగలేదు. చూపునకు లొంగని సంగతిని అక్షరము చెప్పినది. ఒంగోలు తల్లివంశము కావలయునన్నచో ఒంగోలు ఆవు కావలయును. ఆమె ఇక్కడ మిగిలిన కొట్టములలోనే వెదకవలెను.

ఇక అసలు చిక్కునకు వత్తము. పూర్వము గింజను కొనిపోవలెనన్న సంచి కావలెను. ఎద్దును కొనిపోవలెనన్న ఓడ కావలెను. రేవున ఆపి అడుగవచ్చును. ఇప్పుడు అక్షరములు తంతిమీద పోవును. గింజ కదలదు, దాని గుణము ప్రపంచము చుట్టివచ్చును. జీవవైవిధ్య ఒడంబడికలో చేరిన దేశములు 2012 అక్టోబరులో మన హైదరాబాదులోనే సభ చేసిరి. ఆ ఒడంబడికకు అనుబంధమైన నగోయా నియమావళి ముఖ్యముగా చేతికందు పదార్థమును గుఱించి చెప్పునే గాని అక్షరములను గుఱించి తేటగా చెప్పలేదు. పది సంవత్సరముల తగవు పిమ్మట 2022 డిసెంబరులో మాంట్రియలున, అక్షరములవలన లాభము పొందువారు కొంత పంచియీయవలెనని అంగీకరించిరి. 2024లో కొలంబియా దేశపు కాలీ నగరమున ఒక నిధిని నిర్ణయించి, 2025 ఫిబ్రవరిలో దానిని ఆరంభించిరి. అందులో సగమైనను ఆదివాసులకును స్థానికప్రజలకును చేరవలెనని నిబంధన. వినుటకు సొంపుగనే యున్నది. కాని కంపెనీలు చెల్లించుట వారి ఇచ్ఛకు వదలబడినది. ఇచ్చిన ఇత్తురు, లేకున్న లేదు. హుండీని చూచి భక్తిని కొలువవచ్చును గాని వడ్డీవ్యాపారిని కొలువరాదు.

కొందఱు దేశభక్తులు అక్షరములకు తాళము వేయుడనుచున్నారు. మేము ఒప్పము. కంది అక్షరములు అందఱికిని అందుబాటులో నుండుటచేతనే మన కళాశాలల విద్యార్థియు వానిని విప్పి చూడగలుగుచున్నాడు. తాళము వేసినచో మొదట బయట నిలుచువాడు అతడే. మేమడుగునది తాళము కాదు, లెక్క. ఏ గింజ ఏ ఊరినుండి వచ్చినది, ఎవరి ఇంట నిలిచినది అను వ్రాత లేనిచో రేపు నిధి నిండినను మనము ఏ మొగముతో మన వంతు అడుగుదుము?

ఈ లెక్కకు మన చట్టములలో చోటు లేకపోలేదు. 2001 నాటి చట్టము రైతు తన విత్తనమును దాచుకొనుటకును, మార్చుకొనుటకును, తన రకమును తన పేర నమోదు చేయించుకొనుటకును హక్కునిచ్చినది; పాతరకములను కాపాడు రైతులకు జీనోము సంరక్షకులను పేర పురస్కారములును కలవు. 2002 నాటి జీవవైవిధ్య చట్టముచేత ప్రతి స్థానికసంస్థయు ఒక సంఘమును ఏర్పఱచి, ఆ ప్రాంతపు మొక్కలను, పశువులను, వానిని గూర్చిన తెలివిని ప్రజల రిజిస్టరులో వ్రాయింపవలెను. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, చాలమంది దళిత కుటుంబములవారు, ఏ చట్టము కొఱకును కాచుకొనక కొఱ్ఱను, జొన్నను, కందిని బూడిదయు వేపాకును కలిపి మట్టి మెత్తిన బుట్టలలో దాచి, ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనుచున్నారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ పురస్కారము లభించినది. అక్షరము రానివారును అందులో పెక్కుమంది. ఆ బుట్టలలోనివే ఇతరులు చదువుచున్న గ్రంథములు.

ఈ దేవరయాంజాల్ సంగతి మీకు మేము చెప్పనక్కఱలేదు. చేలున్న చోట గిడ్డంగులు లేచినవి. నేలకు పట్టా కలదు, సర్వేనంబరు కలదు, దానికై కచ్చేరీలున్నవి. ఆ నేలలో నిన్నటివఱకు మొలచినదానికి ఏ కాగితము కలదు? పంచాయతి పోయి పట్టణపాలన వచ్చినను ఆ రిజిస్టరు బాధ్యత తొలగలేదు. చట్టము పల్లెకును పట్టణమునకును ఒక్కటియే. ఆ పుస్తకము ఉన్నదా, ఉన్నచో అందులో వ్రాసినదేమి అని రేపే పోయి అడుగుడు. అడుగుటతో ఆగక పఠనాలయ సభ్యులు ఇద్దఱిద్దఱుగా ఇల్లిల్లు తిరుగుడు. కందిని ఏ పేరున పిలుతురు, గింజ తెలుపా ఎఱుపా మచ్చలదా, ఎన్నినెలలకు కోతకు వచ్చును, విత్తనము ఎవరియొద్ద తెచ్చుకొనిరి, కొట్టములో ఏ జాతి ఆవు నిలిచినది అని వ్రాసికొనుడు. ముదుసలి స్త్రీలను మొదట అడుగుడు. విత్తనపు కుండ మూత వారిచేతిలోనిది. మృగశిర వచ్చులోపల ఈ పని ముగిసెనేని, గింజ మిగిలినవారినుండి పిడికెడైనను తీసికొని, ఎవరి పెరటిలో విత్తవలెనో ఈ సభలోనే మఱల కూడి నిర్ణయించుకొందము.