కొబ్బరి పాదులో మన్ను

కోనసీమలో కాయల దింపు అయిన మర్నాడు కొబ్బరి తోట నిండా ఎండు మట్టలు, కాయలు ఒలిచిన డొక్కలు పడి ఉంటాయి. మట్టలు మంటలోకి, డొక్కలు లారీలోకి పోతే నేల ఆకలితో మిగులుతుంది. సేంద్రియ, ప్రకృతి సేద్యాలు తోటకు చేసే మేలు చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

కొబ్బరి దశాబ్దాల తరబడి ఒకేచోట నిలిచి, ఏడాది పొడవునా కాసే చెట్టు. దాని చురుకైన వేళ్లలో అధికభాగం మొదలు చుట్టూ రెండు మీటర్లలోపే ఉంటుంది. పాదులో పరిచిన మట్టను రెండు వానలు కురిశాక ఎత్తి చూస్తే కింద మన్ను నల్లగా, చల్లగా తగులుతుంది. తెల్లని శిలీంధ్రపు దారాలు, వానపాములు విసర్జించిన మట్టి ఉండలు, వాటి మధ్యకు చొచ్చుకొచ్చిన లేత వేళ్లు కనిపిస్తాయి. మట్టలు కాల్చిన చోట బూడిద మాత్రమే ఉంటుంది. పొటాష్ కొంత దక్కినా నత్రజని, కర్బనం గాలిలో కలిసిపోతాయి.

ప్రకృతి సేద్యంలో వాడే జీవామృతం ఒక్కటి పోస్తే చాలా? పట్టా పుచ్చుకుని పల్లెకు వెళ్లే ఉద్యాన విద్యార్థిని రైతు తప్పక అడిగే ప్రశ్న ఇది. ఎకరానికి పోసే 200 లీటర్లలో ఉండేవి 10 కిలోల పేడ, కొద్దిపాటి మూత్రం, 2 కిలోల చొప్పున బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి. వీటన్నిటిలో కలిపి నత్రజని కొన్ని వందల గ్రాములే. సాధారణ సిఫారసు చూస్తే ఒక్క చెట్టుకే ఏడాదికి అర కిలో నత్రజని, 1.2 కిలోల పొటాష్. కాబట్టి జీవామృతం సూక్ష్మజీవులకు ఊతమే తప్ప చెట్టుకు పూర్తి తిండి కాదు. తిండి పాదులో పరిచే ఆచ్ఛాదన నుంచి, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట నుంచి, అంతరపంట కోకో రాల్చే ఆకు నుంచి రావాలి.

పొటాష్ సంగతి మరీ ముఖ్యం. కాయలోని పొటాష్‌లో పెద్ద వాటా డొక్కలోనే ఉంటుంది. డొక్కలను గుంట వైపు పైకి ఉండేలా పాదులో వరుసలుగా పూడిస్తే ఆ పొటాష్ నేలకే తిరిగొస్తుంది, ఐదారేళ్లు తేమా నిలుస్తుంది. మట్టలు గట్టివి, త్వరగా చివకవు. పది వంతుల మట్టలకు ఒక వంతు పేడ కలిపి వానపాములకు వదిలితే సుమారు మూడు నెలల్లో ఎరువవుతాయి. ఈ పద్ధతిని కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ వాడుకలోకి తెచ్చింది.

అయితే పేడ కుప్పలను తోటలోనే వదిలేస్తే కొమ్ము పురుగు వాటిలో గుడ్లు పెడుతుంది. కుప్పను తరచు తిరగేసి, మెటారైజియం శిలీంధ్రం కలిపితే పిల్ల పురుగులు అందులోనే చస్తాయి.