గాలించిన చేతులు

ఏటి ఇసుకనూ గని మట్టినీ కడిగి బంగారం తీసి, ఏ పుస్తకంలోనూ పేరు దక్కకుండా పోయిన వాళ్ల స్మృతికి ఖైరతాబాద్‌లో ఈ సాయంత్రపు ఉపన్యాసం.

తెలుగులో ‘గాలించు’ అన్న మాట ఉంది. రాళ్లున్న బియ్యాన్ని నీళ్లలో ఊపుతూ ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచడం గాలించడమే. పోయినదాని కోసం ఊరంతా వెతకడమూ గాలించడమే. బంగారం దగ్గర ఈ రెండర్థాలూ కలుస్తాయి. కొండల్లో పలుగురాయి శిథిలమై, అందులోని బంగారు రేణువులు వానకు కొట్టుకొచ్చి ఏట్లో పడతాయి. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు. మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. అందుకే నీటి వడి తగ్గే మలుపు లోపలివైపున, బండల వెనక, అడుగురాతి పగుళ్లలో అది ఆగిపోతుంది. తట్టలో ఇసుక పోసి నీళ్లలో తిప్పితే తేలికది కొట్టుకుపోయి, చివర నల్ల ఇసుకలో నాలుగు మెరుపులు కనిపిస్తాయి. వంటింట్లో అడుగున మిగిలినదాన్ని పారబోస్తారు. ఏటి ఒడ్డున దానికోసమే పొద్దస్తమానం నడుం వంచుతారు. ఝార్ఖండ్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఈ పని ఇప్పటికీ సాగుతోంది.

మన పొరుగునున్న కోలారు కథ కూడా మట్టి కడగడంతోనే వెలుగులోకి వచ్చింది. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత మైసూరు సరిహద్దులు కొలుస్తున్న లెఫ్టినెంట్ జాన్ వారెన్‌కు 1802లో అక్కడి నేలలో బంగారం దొరుకుతుందని వినబడింది. చూపినవారికి బహుమానం ఇస్తానన్నాడు. పల్లెజనం ఎద్దుబండ్ల మీద మట్టి తెచ్చి అతని కళ్లెదుటే కడిగారు. సుమారు 56 కిలోల మట్టికి ఒక గ్రెయిన్, అంటే గ్రాములో పదిహేనో వంతు తేలింది. మారికుప్పంలో గుంతల్లోంచి రాళ్ల బుట్టలు చేతులు మారుతూ పైకి వస్తే, ఆడవాళ్లు వాటిని బండమీద పొడిగొట్టేవారు. వారెన్ ఆ పద్ధతిని శ్రద్ధగా రాసిపెట్టాడు, అది అతని గొప్పే. అయితే మనం చదువుకునే చరిత్రలో అతని పేరుంది, ఆ ఆడవాళ్ల పేర్లు లేవు.

ఆ రాత చదివిన మైకేల్ లావెల్, న్యూజిలాండ్ యుద్ధాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాడు, 1875లో అక్కడ తవ్వకాలకు మైసూరు సర్కారు అనుమతి సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ అనే గనుల కంపెనీ దిగింది. గనులు మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయాయి. తమిళ జిల్లాల నుంచీ చిత్తూరు వైపు నుంచీ కూలీలు వచ్చారు. 2001 ఫిబ్రవరి 28న మూతపడేనాటికి కోలారు ఇచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు.

ఎక్కడో ఉత్తరాన, కెనడాలోని యూకాన్ ప్రాంతంలోనూ పేరు ఒకరికి, పని ఇంకొకరిది అన్నట్టే జరిగింది. 1896 ఆగస్టులో క్లోండైక్ నదిలో కలిసే చిన్న వాగులో బంగారం బయటపడింది. మొదట చూసింది తమవాడు కీష్ అని టాగిష్ తెగవారు చెబుతారు. కనుగొన్నవాడి హక్కు మాత్రం జార్జ్ కార్మాక్ అనే తెల్లవాడి పేరిట నమోదైంది. ఆపైన సుమారు లక్షమంది బయలుదేరారు, ముప్పై నలభై వేలమందే చేరుకోగలిగారు. అక్కడి నేల గడ్డకట్టి ఉంటుంది. చలికాలమంతా కట్టెల మంటలతో కరిగించి తవ్విపోసుకుని, వేసవిలో నీళ్లు పారాక చెక్క కాలువల్లో కడిగేవారు.

హైదరాబాద్‌కూ ఈ చరిత్రలో వాటా ఉంది. నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా హట్టిలో సుమారు రెండు వేల ఏళ్లనాటి తవ్వకాల ఆనవాళ్లున్నాయి. 1947లో అక్కడ పెట్టిన సంస్థ పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ. 1956లో దానికి హట్టి పేరు వచ్చింది. ఆ గని నేటికీ నడుస్తోంది.

కోలారులోనో హట్టిలోనో తాతముత్తాతలు పనిచేసిన ఇళ్లవాళ్లు ఈ సభలో ఉంటే ఒక్క మనవి. వాళ్ల పేరు, ఊరు, చేసిన పని కాగితం మీద రాసి ఇవ్వండి. అవ్వ పేరు తెలిస్తే ముందు అదే రాయండి.