చాకు పిడిలో పత్తి



మా తాతగారు ఆదోనిలో పత్తి వ్యాపారము చేయు దినములలో కొన్న విదేశపు జేబుచాకు ఒకటి మా యింట ఉన్నది. తేనెరంగు పిడి, లోన తాబేటిచిప్పకు వలె మచ్చలు. పిడిని అరచేత గట్టిగా రుద్దినచో కర్పూరపు వాసన వచ్చుచుండెను. చాకును దేవుని గూటిలో దాచుటచే ఆ వాసన పట్టినదని పిల్లలమందరము నమ్మితిమి. అసలు కారణము నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

పూర్వము మడత చాకుల పిడులకు కొయ్య, ఎముక, కొమ్ము, దంతము వాడెడివారు. షెఫీల్డు పనివారు మన దేశపు కణితి కొమ్ములను ఓడలపై తెప్పించుకొనెడివారు. దంతము ప్రియమైన కొలది దానికి మారు వెదకుట మొదలయ్యెను. ఆ మారు పదార్థము పత్తినుండి వచ్చుట విశేషము. 1846లో షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దూదిని నత్రికామ్ల గంధకామ్లములతో కలిపి, తుపాకిమందును మించి పేలు పదార్థమును చేసెను. 1862లో అలెగ్జాండరు పార్క్స్ ఆ జాతి పదార్థముతో మలచిన వస్తువులను లండను ప్రదర్శనములో ఉంచెను. 1870లో అమెరికాలో జాన్ వెస్లీ హయట్ దానికి కర్పూరము చేర్చి, వేడిమితో ఒత్తి, సెల్యులాయిడునకు పేటెంటు పొందెను. అతడు వెదకినది బిలియర్డు బంతులకు దంతమువంటి వస్తువును. లాభపడినవారిలో చాకులవారును ఉండిరి. పలుచని రేకులను పేర్చి, ఒత్తి, అడ్డముగా కోసినచో దంతపు చారలు కూడ వచ్చెడివి!

ఆదోని జిన్నింగు మిల్లు చూచినవారికి తెలియును: దూది తీసిన పిదప కూడ గింజను అంటుకొని పొట్టి నూగు మిగులును. బట్టకు పనికిరాని అట్టి నూగే సెల్యులాయిడు వంటి వస్తువులకు ముడిసరకు అయినది.

అయితే ఈ పదార్థమునకు ఒక దుర్గుణము కలదు. ఏండ్లు గడచిన కొలది, ముఖ్యముగా వేడిమికి, లోని ఆమ్లము ఆవిరియై వెడలును. ఒక వేసవి తరువాత మా రేకుపెట్టె తెరువగా, తాతగారి చాకు పిడి బీటలు వారియున్నది. ప్రక్కనున్న కొత్త చాకులు రెండును, కత్తెరయు త్రుప్పు పట్టినవి. మా అమ్మగారు చింతపండు తడిని శంకించిరి. దోషము పిడిది. మూత బిగించిన పెట్టెలో ఆవిరికి దారి లేక ఇనుమును తినివేసినది.

తరువాతి పదార్థములు ఇంత ప్రమాదకరములు కావు. 1907లో బేకలాండు కనిపెట్టిన బేకలైటును మీరెరుగుదురు. పాత రేడియో పెట్టెలెన్నో దానితో చేసినవే. అట్టి జిగురులో గుడ్డ పొరలను తడిపి, వేడిమితో అదిమినచో మైకార్టా అగును. 1910లో వెస్టింగ్‌హౌస్ సంస్థవారు విద్యుత్తు పనులకై చేసిన ఈ పలక పిమ్మట చాకులకు ఎక్కినది. అరుగదీసిన మైకార్టా పిడిపై నేత పోగులు కంటికి కనబడును. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరిలో దానిని చూపినచో, ఇది నూలుగుడ్డయని ఇట్టే పోల్చుకొందురు. అక్కడి గుడ్డ అందులోనికి పోయినదని మాత్రము నేననను.

స్విట్జర్లాండువారి ఎఱ్ఱపిడి చాకు కూడ సెల్యులోజు సంతతియే, కాని నత్రికామ్లపు బెడద లేనిది. 1960లో డ్యూపాంటువారు విపణికి తెచ్చిన డెల్రిన్‌లో పత్తి ప్రసక్తి లేదు. అచ్చులో పోసి కణితి కొమ్ము గరుకుదనమును సైతము దానికి తెప్పింతురు.

మీ యింట కర్పూరపు వాసన వేయు పాత చాకున్నచో, దానిని ఇతర చాకులతో కలిపి మూయకుడు. నిప్పునకును దూరముగా ఉంచుడు. అది భగ్గున మండును. మా తాతగారి చాకు ఇప్పుడు కాగితపు పొట్లములో, గాలి తగులు అలమారుపై ఒంటరిగా ఉన్నది. ఎంత రుద్దినను కర్పూరపు వాసన రాదు. ముక్కునకు ఘాటు మాత్రము తగులును.