రంగు తీగ చేతికి చిక్కితే

తెలుగిళ్లలో ప్లాస్టిక్ వైరు బుట్ట తెలియనివారు అరుదు.

ఆ వైరులో లోహం ఉండదు. వంచితే తిరిగి నిక్కుతుంది. అందుకే ముడి పక్కన ముడి వేసి బిగిస్తారు. రెండు రంగులు కలిపితే గళ్లు తేలతాయి.

టెలిఫోన్ తీగ దారి వేరు. లోపలి రాగి వంచినచోటే నిలుస్తుంది, చుట్టుకుంటూ పోతే చాలు. దక్షిణాఫ్రికాలో జులూ కాపలాదారులు పారేసిన తీగముక్కలను రాత్రిళ్లు చేతికర్రలకు అల్లేవారు. ఒకప్పుడు గడ్డితో అల్లిన ‘ఇంబెంగే’ అనే బీరుకుండ మూతలు కూడా ఆ నేర్పుతోనే రంగురంగుల గిన్నెలయ్యాయి, మ్యూజియాలకెక్కాయి. ఎంత గొప్ప ప్రయాణం!

కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కడా తగిలించి లేని పాత కేబులు ముక్కే తీసుకోవాలి. కొనలు లోపలికి మడవాలి, లేకుంటే వేళ్లు గీసుకుంటాయి.