మెత్తన అనే మాట

నేను 8వ తరగతి వరకే చదివిన. పెద్ద ఉపన్యాసం నాకు రాదు. మగ్గం దగ్గర, సొసైటీల రోజూ వినే ఒక మాట గురించి నాలుగు ముక్కలు చెప్త. ఆ మాట 'మెత్తన'.

మన తాతలు తెలంగాణ నుంచి షోలాపూర్‌కు వస్తూ తెచ్చుకున్న మాటల్లో ఇదొకటి. బజార్ల మరాఠీలో 'మఊ' అంటం, హిందీలో 'నరం' అంటం. ఇంట్లోకి వస్తే మళ్ళీ 'మెత్తగ'నే. తల కింద దిండును 'మెత్త' అంటం. సన్నగ విసిరితే మెత్తటి పిండి. అన్నం ఎక్కువ ఉడికితే మెత్తగయిందని పేరు పెడతం. జ్వరమొచ్చిన పిల్లగాడు మెత్తగయిండంటం. కోపం దిగినోడు మెత్తబడ్డడంటం. పైకి మంచిగుండి లోపల ఇంకోటి పెట్టుకున్నోడు 'మెత్తని పులి'. పెనం మీది జొన్నరొట్టె మెత్తగుంటది, అదే కడక్ భాకరి చేస్తే చాన రోజులు నిలుస్తది. పిండి ఒకటే, రెండూ కావాలె.

మన ఊరి చద్దరుకు, టెర్రీ టవల్‌కు జి.ఐ. గుర్తింపు ఉంది. కొనేటోడు టవల్ పట్టుకొని మొదలు మెత్తగుందా అనే చూస్తడు. మంచి పత్తి, లూపుల నూలుకు తక్కువ పురి ఉంటే వచ్చే మెత్తదనం ఉతికినా నిలుస్తది. మందుతో తెచ్చిన మెత్తదనం చేతికి బాగుంటది గాని, మందు ఎక్కువైతే టవల్ తడి పీల్చదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలె. కొన్నేండ్ల కింద ఒక వ్యాపారి మా సరుకు తీసుకపోయి పైసలియ్యక తిప్పిండు. పాత పరిచయమని రాసి అడగడానికి మొహమాటపడ్డ. 'వచ్చే నెల' అంటే సరే అన్న. ఆ దీపావళికి మనోళ్లకు పూర్తి మజూరి ఇయ్యలేకపోయిన. కండెలు చుట్టే ఒక అక్క వచ్చి, "తమ్మీ, మెత్తగున్నోణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటరు. నువ్వు మెత్తగున్నవు, దెబ్బ మాకు తగిలింది" అన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఆలోచిస్తే జవాబు మగ్గం మీదనే ఉంది. పడుగు బిగువును, రాపిడిని ఓర్వాలె, అందుకే గంజి పెడతం. గంజి లేకుంటే పోగులు తెగుతయి. పేకకు గంజి పెట్టం. నేసినంక ఉతికితే గంజి పోయి బట్ట మెత్తగయితది. సొసైటీ కూడా అంతే. బయటోళ్లతో లెక్కల్ల, రాతకోతల్ల గంజి ఉండాలె. మనలో మనకు, ఇంట్ల ఆడోళ్లతో, పిల్లలతో మెత్తగుండాలె. చాన మంది దీన్ని తిప్పి చేస్తం. వ్యాపారి ముందర మెత్తగుంటం, ఇంట్ల గట్టిగుంటం.

ఆ బాకీ సగమే వచ్చింది. అప్పటి నుంచి రాసిన కాగితం లేకుండ మా సరుకు గడప దాటలే. మజూరి అందినోడు ఇంట్ల కూడా మెత్తగ మాట్లాడుతడు, ఇది నేను కండ్లార చూసిన.