కొవ్వు కూడా మాట్లాడుతుంది
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కీళ్ళ నొప్పుల గురించి చెప్పమన్నారు. మోకాళ్ళ అరుగుదల మీకు తెలిసినదే. నేను చెప్పబోయేది రుమటాయిడ్ కీళ్ళవాతం గురించి. ఇందులో మన రోగనిరోధక శక్తే దారి తప్పి కీలు లోపలి పొరపై దాడి చేస్తుంది. ఆ పొర వాచి, క్రమంగా ఎముకను కొరికేస్తుంది. సాధారణంగా చేతివేళ్ళ కణుపులు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి. నిద్ర లేచాక గంటకు పైగా బిగుసుకుపోతాయి. నేను ప్రభుత్వ వైద్యుడిగా గద్వాలలో ఉన్నప్పుడు, మగ్గాల ఇళ్ళలో కండెలు చుట్టే ఆడవాళ్ళు "పొద్దెక్కేదాంక వేళ్ళు ముడ్సనీకి రాదు సార్" అనేవారు. ఇది ముసలివాళ్ళ జబ్బు అనుకోకండి. మన కూతుళ్ళకు, కోడళ్ళకు ముప్పై, నలభై ఏళ్ళకే రావచ్చు.

ఇక కొవ్వు సంగతి. మేము చదువుకునే రోజుల్లో కొవ్వంటే గాదెలో జొన్నల్లాగా దాచిన నిల్వ, అంతే. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును కనుగొన్నది. కొవ్వు కణాల్లో తయారై, నిల్వ ఎంతుందో మెదడుకు కబురు చేస్తుందది. అంటే గాదె మాట్లాడుతుందన్నమాట! రోగనిరోధక కణాలతో కూడా మాట్లాడి, వాపును రెచ్చగొడుతుంది.

తర్వాత బయటపడిన అడిపోనెక్టిన్ కథ మరీ విచిత్రం. ఇది సన్నగా ఉన్నవారిలో ఎక్కువ, లావుపాటి వారిలో తక్కువ. షుగరు విషయంలో మంచిదని పేరు. కాని 2009లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు కీళ్ళవాతం రోగులను పరీక్షిస్తే, ఇది ఎక్కువున్నవారి ఎక్స్‌రేల్లోనే కీళ్ళ నష్టం ఎక్కువ కనబడింది. 2011లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు, జబ్బు కొత్తగా వచ్చినవారిలో సైతం ఇదే ధోరణి గమనించారు. ప్రయోగశాలలో ఈ హార్మోను తగిలిన కీలు పొర కణాలు వాపు పెంచే పదార్థాలను మరింతగా తయారు చేశాయి. అయితే నష్టానికి ఇదే కారణమా అన్నది ఇంకా తేలలేదు. కనుక దీనికోసం రక్తపరీక్షలకు డబ్బు పోసుకోకండి.

"నేను ఎండుకట్టె లెక్కున్న, నాకెట్లొస్తది సార్ వాతం?" అని ఒక రైతు నన్నడిగాడు. సన్నదనం ఈ జబ్బుకు అడ్డు కాదు. పైగా జబ్బే కండను కరిగించి మనిషిని ఎండగడుతుంది. కణుపుల వాపుతోపాటు బరువు తగ్గుతుంటే త్వరపడాలి. అలాగని ఒళ్ళు పెంచడం మందు కాదు. లావుపాటి వారిలో మందులు అంత బాగా పనిచేయవు, గుండెకూ ముప్పు.

మొదటి నెలల్లోనే మందు మొదలుపెడితే కీలు దక్కుతుంది. ఊళ్ళో స్టిరాయిడ్ సూదితో నొప్పి తగ్గినా, ఆ ఒక్కదాన్నే నమ్ముకుంటే లోపల ఎముక కొరుకుడు ఆగదు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది.

డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే ఒక్క మాట. అది సాధారణంగా వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్ర. బీపీ మాత్రలాగా రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారమో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, ఇంట్లో పిల్లలకు చూపించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.